సర్వేలో విన్న రహస్యాన్ని ఏం చేయాలి?

ప్రశ్న: పేరూ జిల్లా రాయవద్దంటూ తెలంగాణ నుంచి 26 ఏళ్ల పాఠకురాలు ఒకరు సుదీర్ఘమైన ఉత్తరం పంపారు. ఆమె సోషల్ వర్క్‌లో పీజీ చేసి, ఒక పరిశోధన సంస్థ తరఫున గ్రామాల్లో మహిళల ఆరోగ్యంపై జరుగుతున్న సర్వేలో ఇంటర్వ్యూలు చేస్తున్నారు. ప్రశ్నావళిలో కాన్పులు, గర్భస్రావాలు, కుటుంబ నియంత్రణ పద్ధతుల గురించి అడిగాక చివరి భాగం భర్త చేసే హింసకు సంబంధించినది. ఆ భాగం మొదలుపెట్టే ముందు దగ్గర్లో ఎవరూ లేరని చూసుకోవాలనీ, మధ్యలో ఎవరైనా వస్తే వెంటనే వేరే ప్రశ్నల్లోకి మారిపోవాలనీ శిక్షణలో చెప్పారట.

నెల కిందట ఒక ఇంట్లో 23 ఏళ్ల మహిళ, ఇద్దరు ఆడపిల్లల తల్లి, అప్పటికి నాలుగో నెల గర్భిణి, ఆ చివరి భాగానికి వచ్చేసరికి మాట ఆపలేకపోయారు. ఇంట్లో తెలియకుండా మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు తెచ్చుకుని బియ్యం డబ్బాలో దాచుకునేవారు. భర్త చూసి కొట్టి, ఉన్న మాత్రల పట్టీలన్నీ పొయ్యిలో వేశాడు. మగపిల్లవాడి కోసం ఇంకోసారి చూద్దామని అత్తగారు కూడా పట్టుబట్టారు. గర్భం వచ్చాక కూడా కొట్టడం ఆగలేదు, అంతకు పది రోజుల ముందు నడుం మీద తన్నాడు. ఇంతవరకు చెప్పేసరికి అత్తగారు కిరాణా కొట్టు నుంచి తిరిగి వచ్చారు. మన పాఠకురాలు ట్యాబ్‌లో పేజీ మార్చి, "మీ ఇంట్ల వంట గ్యాస్ మీదనా, కట్టెల మీదనా?" అని అడిగారు. బయలుదేరేటప్పుడు చెప్పులేసుకునే చోట ఆ మహిళ చేయి పట్టుకుని, "అక్కా, గిదంతా ఎవ్వలకు జెప్పకు. మల్ల ఎప్పుడొస్తవ్?" అన్నారట.

సూపర్‌వైజర్‌కు చెబితే, "మన పని రాసుకోవడం వరకే, ఊళ్లో గొడవైతే రేపటి నుంచి ఎవరూ తలుపు తీయరు" అన్నారు. ఆ ఊరి ఆశా కార్యకర్త భర్తకు వరుసకు అక్క అవుతుంది. పాఠకురాలు సర్వే ఫారంలో ఉన్న ఫోన్ నంబరును తన ఫోన్‌లో ఎక్కించుకున్నారు కానీ ఇంకా చేయలేదు. ఆమె అడుగుతున్నవి ఇవి: ఆ నంబరుకు ఫోన్ చేయాలా? మహిళల హెల్ప్‌లైన్ 181కి గానీ పోలీసులకు గానీ తానే చెప్పాలా? ఇష్టం లేని గర్భాన్ని వదిలించుకోవడానికి ఆమెకు సాయం చేయాలా? ఇన్ని ఇళ్లు తిరిగి ఇన్ని దెబ్బలు లెక్కపెట్టి ఎవరికి ఇస్తున్నాం? ఈ ఉద్యోగం మానేయాలా?

జవాబు: మీరు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. ఆమె మిమ్మల్ని రెండు కోరారు: ఎవరికీ చెప్పవద్దని ఒకటి, మళ్లీ రమ్మని ఇంకొకటి. మీరు నెల రోజులుగా మొదటి కోరికతోనే కుస్తీ పడుతున్నారు, రెండోదాని గురించి ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదు. నాకు మాత్రం దారి రెండోదానిలోనే కనిపిస్తోంది. అక్కడికి వచ్చే ముందు, మీరు తలుస్తున్న పనులు ఒక్కొక్కటి చేస్తే ఏమవుతుందో చూద్దాం.

ఫోన్ సంగతి. ఆ నంబరు ఎవరి చేతిలో ఉండే ఫోన్‌ది? 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోన్ ఉన్న మహిళలు దేశంలో 54 శాతమే. ఫారంలో ఇచ్చిన నంబరు చాలా ఇళ్లలో భర్తదో మరిదిదో అయి ఉంటుంది. మీరు "అమ్మా, ఎట్లున్నవ్?" అనే లోపే అవతలివైపు మగగొంతు "ఎవరు?" అంటే, మీరు ఫోన్ పెట్టేసినా సమాధానం చెప్పుకోవలసింది ఆమె. ఇక ఆ నంబరు మీకు ఇవ్వడం జరిగింది సర్వే పని మీద. సమాధానాలు సరిచూసుకోవడానికని తీసుకున్న నంబరును సొంత ఫోన్‌లో ఎక్కించుకోవడం, ఎంత మంచి మనసుతో చేసినా, ఆమె సంతకం పెట్టిన అంగీకార పత్రానికి విరుద్ధం. దాన్ని ఈరోజే తీసేయండి. ఆమె వివరాలు ప్రాజెక్టు దగ్గర భద్రంగా ఉన్నాయి, అవసరమైతే అక్కడి నుంచే దారి తెరుచుకోవాలి.

181కి గానీ రక్షణ అధికారికి గానీ మీరే చెప్పడం గురించి. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చి, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. హింస జరుగుతోందని నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణ అధికారికి సమాచారం ఇవ్వవచ్చని, మంచి ఉద్దేశంతో ఇచ్చినవారి మీద సివిల్ కేసుగానీ క్రిమినల్ కేసుగానీ ఉండదని ఆ చట్టం నాలుగో సెక్షన్ చెబుతుంది. అంటే మీకు వీలు కల్పించింది, మిమ్మల్ని నిర్బంధించలేదు. ఆమె వయసు 23. పద్దెనిమిది నిండని అమ్మాయి అయితే లెక్క వేరు, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం గురించి తెలిసినవారు చెప్పి తీరాలి, చెప్పకపోతే శిక్ష ఉంటుంది. మీ సర్వేలో పదిహేడేళ్ల పెళ్లయిన అమ్మాయిలు కూడా ఉంటారు కనుక, వాళ్ల విషయంలో ప్రాజెక్టు నిబంధన ఏమిటో ముందే అడిగి రాతలో తీసుకోండి. ఈ మహిళ విషయంలో మాత్రం నోరు విప్పాలా వద్దా అన్న హక్కు ఆమెదే.

ఆమెకు తెలియకుండా మీరు ఫిర్యాదు చేశారనుకోండి. ఒక జీపు వస్తుంది, లేదా ఇద్దరు ఉద్యోగులు ఇంటికి వచ్చి విచారిస్తారు. భర్త పక్కనే నిలబడి ఉంటాడు, అత్తగారు గుమ్మంలో ఉంటారు, ఆశా కార్యకర్త వరుసకు ఆడపడుచు. ఆ స్థితిలో ఆమె "అట్లాంటిదేం లేదు సార్" అనక మరేమంటారు? వచ్చినవారు ఆ మాటే రాసుకుని వెళ్లిపోతారు. ఎవరికి చెప్పావని ఆ రాత్రి ఇంట్లో ప్రశ్న మొదలవుతుంది. నెల కిందట ట్యాబ్ పట్టుకొచ్చిన అమ్మాయి గుర్తుకు రావడానికి ఎంతోసేపు పట్టదు. మీరు వెళ్లిన మరో ముప్పై ఇళ్లలోని ఆడవాళ్ల మీదికి కూడా ఆ అనుమానం పాకుతుంది. మీ సూపర్‌వైజర్ చెప్పిన కారణం సంస్థ సౌకర్యం కోసం కావచ్చు గానీ, అందులో ఈ పాటి నిజం ఉంది.

అలాగని అసలు చెప్పకూడదని నేను అనను. ప్రాణాపాయం కళ్లముందు కనబడుతుంటే గోప్యత కంటే ప్రాణమే ముందు. మీరు అక్కడ ఉండగానే కొట్టడం జరిగితే, ఆమె గొంతు పట్టుకున్నాడనో చంపుతానని కత్తి చూపాడనో చెబితే, రక్తస్రావం అవుతోందంటే, అప్పుడు అత్యవసర సాయానికి 112, అంబులెన్సుకు 108, రెండూ ఆగవలసిన నంబర్లు కావు. మీ అంగీకార పత్రంలో ఇలాంటి మినహాయింపు ఏదైనా రాసి ఉందేమో చూడండి. మీరు రాసినదాన్ని బట్టి ఆమె ప్రమాదంలో ఉన్నారన్నది నిజమే, గర్భిణిని నడుం మీద తన్నడం చిన్న సంగతి కాదు. కానీ ఆ ఇంట్లో ఏ సమయంలో ఏం చేస్తే దెబ్బ పడుతుందో, ఏం చేస్తే తప్పుతుందో మీకన్నా, నాకన్నా ఆమెకే బాగా తెలుసు. ఎవరికీ చెప్పవద్దన్న మాట భయంతో అన్నది మాత్రమే అనుకోవద్దు, అది ఆమె వేసుకున్న లెక్క కూడా కావచ్చు.

ఇక గర్భం సంగతి. ఇక్కడ మీరు కొంచెం తొందరపడ్డారని అనిపిస్తోంది. ఉత్తరం రెండో పేజీలో ఆమె మాటలుగా మీరు రాసింది, "ఇప్పుడే వద్దనుకున్న" అని. నాలుగో పేజీకి వచ్చేసరికి అది "ఆమెకు ఇష్టం లేని గర్భం" అయింది. మీ ప్రశ్నావళిలోనే ఈ గర్భం అప్పుడే కావాలనుకున్నారా, కొంతకాలం తర్వాత కావాలనుకున్నారా, అసలు వద్దనుకున్నారా అని మూడు వేర్వేరు గడులు ఉంటాయి కదా. అవి ఊరికే పెట్టినవి కావు. మాత్రలు దాచుకున్నప్పుడు వద్దనుకున్న స్త్రీ నాలుగో నెలలో ఏమనుకుంటున్నదో మనకు తెలియదు, ఆమెను అడిగినవారూ లేరు. పైగా ఇద్దరు ఆడపిల్లల తర్వాత నాలుగో నెల అంటే ఇంట్లో స్కానింగ్ మాట వచ్చే రోజులు. పుట్టబోయేది ఆడో మగో చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరమైనా, ఆ మాట ఆగిపోలేదని మీకు తెలియనిది కాదు. రేపు ఎవరైనా ఆమెను గర్భస్రావానికి తీసుకెళ్తే అది ఆమె కోరికా, ఇంటివాళ్ల కోరికా అన్నది తేలకుండా మీరు చేయి వేయకూడదు.

అది నిజంగా ఆమె కోరికే అయితే, ఆమెకు తెలియవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. 1971 నాటి వైద్య గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య అయితే నిబంధనల్లో పేర్కొన్న కొన్ని వర్గాల స్త్రీలకే, అదీ ఇద్దరు డాక్టర్లు ఒప్పుకుంటేనే వీలుపడుతుంది. పద్దెనిమిది నిండిన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకం కావాలని చట్టంలో ఎక్కడా లేదు, అయినా అడిగే ఆసుపత్రులు ఉన్నాయన్నది వేరే విషయం. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారం వల్ల వచ్చిన గర్భంగానే చూడాలని చెప్పింది. మీరు ఇంటర్వ్యూ చేసి నెల దాటింది కనుక ఆమెకు ఇప్పుడు 20 వారాలు దగ్గర పడుతూ ఉండాలి, దాటి కూడా ఉండవచ్చు. ఈ ఒక్క విషయంలోనే వారాలు లెక్కలోకి వస్తాయి. గర్భం ఉంచుకోవాలన్నదే ఆమె నిర్ణయమైతే అది కూడా నిర్ణయమే, అప్పుడు చేయవలసిన పనులు మరికొన్ని ఉంటాయి.

ఇప్పుడు రెండో కోరికకు వద్దాం. ఆమె మళ్లీ రమ్మన్నారు. వెళ్లడానికి మీకు అడ్డుదారి అక్కర్లేదు, ఎందుకంటే ఆ ఇంటర్వ్యూ పూర్తి కాలేదు. మధ్యలో ఆగిపోయిన ఇంటర్వ్యూకు తిరిగి వెళ్లడం ఏ సర్వేలోనైనా మామూలే. కానీ మీ అంతట మీరు సెలవు రోజున బస్సెక్కి వెళ్లకండి. అంగీకార పత్రం అడుగున ప్రధాన పరిశోధకుల పేరు, ఎథిక్స్ కమిటీ నంబరు ఉంటాయి. మామూలుగా ఆ నంబర్లు సమాధానం చెప్పేవాళ్ల కోసమని అనుకుంటాం, ప్రశ్న అడిగేవాళ్లకు కూడా అవి పనికొస్తాయి. ఆ మహిళ పేరు గానీ ఊరు గానీ రాయకుండా ప్రధాన పరిశోధకులకు ఒక పేజీ రాయండి: ఫలానా తేదీన ఇంటర్వ్యూలో గర్భిణిపై హింస గురించి తెలిసింది, సాయం కోసం పంపే ఏర్పాటు ఏమిటో మాకు చెప్పలేదు, సూపర్‌వైజర్ ఇలా అన్నారు, తిరిగి వెళ్లడానికి అనుమతి కావాలి అని. సూపర్‌వైజర్‌ను దాటి వెళ్తే ఆయనకు కోపం వస్తుందన్నది నిజమే, కాంట్రాక్టు ఉద్యోగంలో అది తేలికగా తీసుకునే సంగతి కూడా కాదు. అందుకే ఫిర్యాదులా కాకుండా మార్గదర్శనం కోరుతున్నట్టు రాయండి, ఆయనకూ ఒక ప్రతి పంపండి.

ఇలా అడగడం మీరు పరిధి దాటడం కాదు. స్త్రీలపై హింస గురించి పరిశోధించేటప్పుడు పాటించవలసిన భద్రతా నియమాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లోనే ప్రచురించింది. ఒక ఇంట్లో ఒక్క స్త్రీనే హింస గురించి అడగాలి, ఆ ప్రశ్నలు ఉన్నాయన్న సంగతి ఊళ్లో చాటకూడదు, సర్వేను మహిళల ఆరోగ్య సర్వేగానే పరిచయం చేయాలి అన్నవి అందులోవే. మీ సర్వే పేరు అలా ఎందుకుందో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. ఆ నియమాల్లోనే ఇంకో మాట ఉంది. సాయం అడిగిన స్త్రీని పంపడానికి స్థానికంగా ఒక చోటు ఉండాలి, లేకపోతే పరిశోధకులే ఏదో ఒక తాత్కాలిక ఏర్పాటు చేయాలి. ఇంటర్వ్యూలు చేసేవాళ్లు విన్నది మోయలేక కుంగిపోతారు కనుక వాళ్లతో కూర్చుని మాట్లాడే ఏర్పాటు కూడా ఉండాలి. ప్రశ్నావళిని మాత్రం అప్పు తెచ్చుకుని ఈ ఏర్పాట్లను బడ్జెట్‌లో మర్చిపోయే ప్రాజెక్టులను నేను చాలానే చూశాను. మీ సూపర్‌వైజర్ చెప్పినట్టు రాసుకోవడం వరకే మీ పని అయితే, రాసుకున్న తర్వాతి పని చేసేవారెవరో చూపించవలసిన బాధ్యత ప్రాజెక్టుది. అది లేని లోటునే నెల రోజులుగా మీరొక్కరే మోస్తున్నారు.

అనుమతి వచ్చిందనుకుందాం. వెళ్లేటప్పుడు ఆమె ఇంటికొక్కదానికే వెళ్లకండి, ఆ వీధిలో మరో నాలుగిళ్లు కలుపుకోండి. అందరికీ ఒకే చిన్న చీటీ ఇవ్వండి: 108, గర్భిణుల వాహనం కోసం 102, పిల్లల కోసం 1098, మహిళల కోసం 181, మనసు బాగాలేనప్పుడు మాట్లాడడానికి 14416. ఇన్ని నంబర్ల మధ్య 181 ఒకటిగా ఉంటే, ఆ చీటీ అత్తగారి కంటపడినా అనుమానం రాదు. అరచేతిలో ఇమిడేంత ఉంటే మరీ మంచిది, మడిచి పిల్లల టీకాల కార్డులో పెట్టుకోవచ్చు. ఏకాంతం దొరక్కపోతే ఆరోజు ఆ విషయం ఎత్తకండి, చీటీ ఇచ్చి వచ్చేయండి.

ఏకాంతం దొరికితే మాత్రం సలహాలతో మొదలుపెట్టకండి. నువ్వు చెప్పింది నేను నమ్మాను, కొట్టడం నీ తప్పు వల్ల కాదు అన్నంత వరకు చెప్పండి. ఈ రెండో మాట అక్కర్లేదనిపించవచ్చు, కానీ పైన చెప్పిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భార్యను కొట్టడానికి ఏదో ఒక కారణం సరైనదేనన్న మహిళలు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం. అత్తమామలను గౌరవించకపోవడం, ఇల్లూ పిల్లలనూ సరిగా చూసుకోకపోవడం వంటివి ఆ కారణాలు. తనదే తప్పని ఆమె కూడా లోపల అనుకుంటూ ఉండవచ్చు. ఆ తర్వాత మూడు సంగతులు అడగండి. ఈమధ్య దెబ్బలు ఎక్కువయ్యాయా, రాత్రికి రాత్రి బయటికి రావలసి వస్తే ఎవరింటికి వెళ్లగలవు, నేను ఎవరికైనా చెప్పాలనుకుంటే నువ్వు ఒప్పుకుంటావా? మూడోదానికి ఆమె ఒప్పుకుంటే మీ మీద ఉన్న రహస్యం బరువు చాలావరకు దిగిపోతుంది, అప్పుడు ఎవరికి చెప్పాలన్నది ఇద్దరూ కలిసి తేల్చుకోవచ్చు. ఒప్పుకోకపోతే మళ్లీ అడిగి విసిగించకండి.

ఆశా కార్యకర్త దారి మూసుకున్నా, ఆరోగ్య వ్యవస్థలో ఆమెకు ఇంకో తలుపుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులందరినీ డాక్టరే పరీక్షించే కార్యక్రమం 2016 నుంచి నడుస్తోంది, ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అని దాని పేరు. అత్తగారు అడ్డు చెప్పలేని ప్రయాణం ఆ ఇంట్లో ఏదైనా ఉందంటే అదే. వెంట ఎవరు వచ్చినా, పరీక్ష చేసే గది తలుపు దగ్గర వాళ్లను ఆపడం డాక్టరుకూ ఏఎన్‌ఎంకూ రోజూ చేసే పనే. ఆ అయిదు నిమిషాల్లో ఆమె నోరు విప్పితే, అక్కడి నుంచి హింసకు గురైన మహిళలకు సాయపడే జిల్లా సఖి కేంద్రానికి గానీ మహిళా శిశు సంక్షేమ శాఖలోని రక్షణ అధికారికి గానీ దారి ఉంటుంది. కేసు పెట్టకుండానే కౌన్సెలింగ్, కొన్నాళ్లు తలదాచుకునే చోటు, న్యాయ సలహా సఖి కేంద్రంలో అడగవచ్చు. ఇల్లు వదిలి రావడమే ఏకైక మార్గం కాదని కూడా ఆమెకు తెలియాలి, భర్త ఇంట్లోనే ఉండే హక్కును, కొట్టకూడదన్న ఉత్తర్వును 2005 చట్టం కింద మేజిస్ట్రేటు దగ్గర కోరవచ్చు. అయితే దెబ్బలతో ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు మెడికో లీగల్ కేసుగా రాసి పోలీసులకు తెలియజేసే అవకాశం ఉందన్నది ముందే చెప్పండి. తర్వాత తెలిసి ఉలిక్కిపడితే ఆమె ఇక ఆసుపత్రి గడప తొక్కరు.

గర్భం కొనసాగితే, కాన్పు తర్వాతి రోజుల గురించి ఇప్పుడే ఆలోచించుకోవడం మంచిది. మాత్రల పట్టీ ఇంట్లో దాచుకోవలసిన వస్తువు, దొరికితే ఏమైందో చూశాం. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయ్యాక 48 గంటల లోపే కాపర్-టి వేయించుకోవచ్చు. పాలిచ్చే తల్లి అయితే ఆరు వారాల తర్వాత మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ఉంది. దానివల్ల నెలసరి తప్పడం, గతి తప్పడం ఉంటుంది కనుక ఇంట్లో గమనించే అవకాశం లేకపోలేదు. ఆపరేషన్ కూడా ఒక దారే, దానికి భర్త సమ్మతి అవసరం లేదని ప్రభుత్వ నిబంధనలే చెబుతున్నాయి, కానీ మగపిల్లవాడి కోసం పట్టుబట్టే ఇంట్లో ఆ కుట్టు దాగదు. ఏది ఎంచుకున్నా కాన్పు గదిలో ఎవరో ఒత్తిడి చేసి ఒప్పించింది కాకుండా, ముందే ఏఎన్‌ఎంతో మాట్లాడుకుని తానే కోరుకున్నది కావాలి.

ఇక మీ నాలుగో ప్రశ్న. ఈ లెక్కలు ఎవరికి? మీ కోపం నాకు అర్థమవుతుంది, అందుకే జవాబు కాస్త వివరంగా చెబుతాను. మన దేశంలో కుటుంబ ఆరోగ్య సర్వే 1992–93లో మొదలైనప్పుడు భర్త కొట్టడం గురించిన ప్రశ్నలే లేవు. 1998–99లో కొన్ని చేరాయి, 2005–06 నాటికి పూర్తి భాగమే ఏర్పడింది. అడగనంత కాలం అది ప్రతి ఇంటి సొంత గొడవ. అడిగాక, 2019–21 సర్వే నాటికి 18–49 ఏళ్ల పెళ్లయిన మహిళల్లో దేశంలో 29 శాతం, తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసను ఎదుర్కొన్నవారేనని తేలింది. ఇలాంటి హింసకు గురైనవారిలో సాయం కోరినవారు 14 శాతమే, 77 శాతం మంది సాయం కోరనూ లేదు, ఎవరితోనూ చెప్పుకోనూ లేదు. పోలీసు స్టేషన్లలోని కేసుల సంఖ్యను చూసి సమస్య ఎంతో అంచనా వేసే అధికారికి ఈ రెండు అంకెలే సరైన జవాబు.

మన దగ్గరే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ బంగ్లాదేశ్, పెరూ, ఇథియోపియా, టాంజానియా, సమోవా వంటి దేశాలతో కలిపి పది దేశాల్లో 24 వేల మంది స్త్రీలను అడిగి 2005లో వెలువరించిన అధ్యయనంలో, భర్త లేదా సహచరుడి హింసను జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఎదుర్కొన్నవారు జపాన్ నగరంలో 15 శాతమైతే ఇథియోపియా గ్రామీణ ప్రాంతంలో 71 శాతం. బంగ్లాదేశ్‌లో దెబ్బలు తిన్న స్త్రీలలో మూడింట రెండొంతుల మంది, ఇంటర్వ్యూ చేయడానికి వచ్చిన మనిషికి చెప్పేదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు ఎదురైనది అక్కడ వేలమందికి ఎదురైంది. ఆ తర్వాత 2013లో అనేక దేశాల అధ్యయనాలను కూడి చూసినప్పుడు, హింసకు గురయ్యే స్త్రీలకు తక్కువ బరువు బిడ్డ పుట్టే అవకాశం 16 శాతం ఎక్కువనీ, గర్భస్రావం చేయించుకోవలసి రావడం రెండింతలకు పైగా ఎక్కువనీ తేలింది. అదే సంవత్సరం ఆ సంస్థ డాక్టర్లకూ నర్సులకూ హింస బాధితులతో ఎలా మాట్లాడాలో మార్గదర్శకాలు ఇచ్చింది. తొమ్మిదో తేదీన పరీక్ష గదిలో అత్తగారిని బయట ఉంచాలన్న ఆలోచన డాక్టరుకు రావడానికి వెనక ఇలాంటి లెక్కలే ఉన్నాయి. మీరు రాసుకున్నది ఆ మహిళకు రేపటికి రేపు పనికిరాదన్న మాట నిజం. అందుకే ఆమెకు చేయవలసింది వేరేగా చేయాలని ఇంతసేపూ చెబుతున్నాను.

ఉద్యోగం మానడం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ వారం మానవద్దు. మీరు ఇప్పుడు వెళ్లిపోతే ఆ ఇంటికి తిరిగి వెళ్లే అర్హత ఉన్న ఏకైక మనిషి వెళ్లిపోయినట్టు. ముందు ప్రధాన పరిశోధకులకు ఉత్తరం రాయండి, వారం రోజులు చూడండి, జవాబు రాకపోతే ఎథిక్స్ కమిటీకి రాయండి. వాళ్లు ఒక ఏర్పాటు చేస్తే, మీ తర్వాత ఆ జిల్లాలో తిరిగే అమ్మాయిలకు కూడా అది మిగులుతుంది. అక్కడా ఎవరూ పట్టించుకోకపోతే, గర్భిణి దెబ్బలు తింటున్నదని చెప్పినా కదలని చోట మీరు ఉండవలసిన అవసరం లేదు, మానేయడంలో తప్పు లేదు. ఈలోగా నిద్ర పట్టడం లేదని రాశారు కనుక, చీటీ మీద అందరికీ రాసిచ్చే ఆ 14416 నంబరుకు మీరూ ఒకసారి చేయండి, తెలుగులో మాట్లాడతారు. ఆ ఇంటి గుర్తులు చెప్పకుండానే మీ బాధ చెప్పుకోవచ్చు.